నాటకం, సినిమా చదవబోతున్నాను: ఏ హాస్టల్ తీసుకోవాలి?

కొత్తవేషం

నమస్కారం. నాకు యూనివర్సిటీలో సీటు వచ్చింది. మొదటి ఏడాది నాటకం, సినిమా రెండూ కలిపి చెబుతారు. రెండో ఏడాది నుంచి ఏదో ఒకటి ఎంచుకోవాలి. నటనంటే ఇష్టం, ఎడిటింగ్ కూడా నేర్చుకోవాలనుంది. అది నిదానంగా తేల్చుకోవచ్చు కానీ హాస్టల్ ఫారం మాత్రం ఈ వారంలోనే ఇచ్చేయాలి.

మూడు చోట్ల ఖాళీలున్నాయి. ఒకటి నాటకశాల ఎదురుగా ఉన్న పాత హాస్టల్. ఇద్దరికో గది, బాత్రూములు ఉమ్మడి. రెండోది కళల విద్యార్థులకే కేటాయించిన బ్లాక్. సంగీతం, నాట్యం, చిత్రలేఖనం, నాటకం వాళ్లంతా అక్కడే ఉంటారు. నడిస్తే పావుగంట. మూడోది కొత్త భవనం. ఒక్కరికే గది, సొంత బాత్రూమ్, కానీ క్యాంపస్ అవతలి చివర. షటిల్ బస్సులో వెళ్లిరావాలి.

ఇంట్లో అందరూ మూడోదే అంటున్నారు. అమ్మాయిని కదా, రాత్రిళ్లు రిహార్సళ్లంటే అమ్మకు ఇప్పటికే టెన్షన్. ఈ చదువు చదివినవాళ్లు, చదువుతున్నవాళ్లు ఏం చూసి ఎంచుకోమంటారు?

తెరవెనుక

అభినందనలు చెల్లీ. నేను నాటకశాఖలో లైటింగ్, స్టేజ్ మేనేజ్‌మెంట్ చదివాను. గది ఫొటోలు కాసేపు పక్కన పెట్టు. రాత్రి పనయ్యాక ఎన్నింటికి బయటపడతావు, గదికి ఎలా చేరతావు అన్నది ముందు చూడు. మిగతావన్నీ దాని తర్వాతే.

వేరే కోర్సులవాళ్లకు సాయంత్రానికి క్లాసులు అయిపోతాయి. మనకు అప్పుడే రిహార్సల్ మొదలవుతుంది. నటులకూ, లైట్లు, సౌండు, సెట్ చూసేవాళ్లకూ పగలంతా వేర్వేరు క్లాసులుంటాయి కాబట్టి అందరూ కలిసి దొరికేది సాయంత్రమే. ఇక ప్రదర్శనకు ముందు వచ్చే టెక్ వారం గురించి ఇంట్లోవాళ్లకు ఇప్పుడే చెప్పి ఉంచు. లైట్ల మార్పులు, సౌండు, సెట్ కదలికలు, దుస్తులు మార్చుకోవడం అన్నీ మొదటిసారి నటులతో కలిపి చూసేది అప్పుడే. ఒక క్యూ, అంటే లైటో సౌండో సెట్టో మారాల్సిన క్షణానికి ఇచ్చే సంకేతం, సరిగ్గా కుదరకపోతే ఆపి, వెనక్కి వెళ్లి మళ్లీ చేస్తారు. మధ్యలో డైలాగులు వదిలేసి ఒక క్యూ నుంచి ఇంకో క్యూకు వెళ్లే 'క్యూ టు క్యూ' రిహార్సల్‌లో నటులు వెలుగులో నిలబడి ఎదురుచూడటమే ఎక్కువ. అమెరికా ప్రొఫెషనల్ థియేటర్లలో ఈ దశకు 'టెన్ అవుటాఫ్ ట్వెల్వ్' అనే పద్ధతే ఉంది. పన్నెండు గంటల వ్యవధిలో పది గంటల పని. విద్యార్థులకు క్లాసులుంటాయి కాబట్టి అంత ఉండకపోవచ్చు, కానీ అలసట మాత్రం అదే.

చివరి ప్రదర్శన అయ్యాక స్ట్రైక్ ఉంటుంది. అంటే సెట్ విప్పి, లైట్లు దింపి, స్టేజి ఖాళీ చేసి అప్పగించడం. చాలా డిపార్ట్‌మెంట్లలో నటులు కూడా చేయి వేయాల్సిందే. చివరి ప్రదర్శన ఎక్కువగా వారాంతంలో పడుతుంది, షటిల్ బస్సులు తొందరగా ఆగిపోయేదీ వారాంతంలోనే. అందుకే టైమ్‌టేబుల్ అడిగేటప్పుడు మామూలు రోజులది కాదు, శని ఆదివారాలది అడుగు.

పిల్లలతల్లి

అమ్మా కొత్తవేషం, మీ అమ్మగారి టెన్షన్ నాకు బాగా అర్థమవుతుంది. మా అబ్బాయి సినిమా కోర్సులో రెండో ఏడాది. అబ్బాయైనా నాకు అదే భయం ఉండేది. కొత్త భవనం, సొంత గది అంటే భద్రంగా ఉంటుందనిపిస్తుంది. కానీ గదిలోపల భద్రత వేరు, గదికి చేరే దారిలో భద్రత వేరు. మీ అమ్మగారు ఒకసారి వచ్చి చీకటి పడ్డాక నాటకశాల నుంచి మూడు హాస్టళ్లకూ నడిచి చూస్తే బాగుంటుంది. దారిలో లైట్లున్నాయా, ఆ వేళ మనుషులు తిరుగుతున్నారా, గేటు దగ్గర కాపలా మనిషి ఉన్నాడా, రాత్రి ఐడీ కార్డుతో ఏ తలుపు తెరుచుకుంటుంది, ఇవి పగలు తెలియవు. కొన్ని క్యాంపస్‌లలో ఫోన్ చేస్తే సెక్యూరిటీవాళ్లు తోడు వచ్చి గది దాకా దిగబెడతారు. ఆ సౌకర్యం ఉందేమో కూడా కనుక్కోండి.

ఎడిట్‌టేబుల్

తెరవెనుక అన్న చెప్పింది నాటకానికి సరిగ్గా సరిపోతుంది. సినిమా వైపు లెక్క కొంచెం వేరు. షూటింగ్ రోజు తెల్లారకముందే లేచి, కెమెరా సామాను మోసుకుని బయల్దేరాలి. పొద్దున్నే దొరికే వెలుతురు మళ్లీ సాయంత్రం దాకా రాదు. ట్రైపాడ్, లైట్ స్టాండ్లు, సౌండ్ బ్యాగు పట్టుకుని ఎన్ని మెట్లెక్కాలో, లిఫ్ట్ ఉందో లేదో చూడు.

షూటింగ్ అయ్యాక అసలు పని మొదలవుతుంది. ఫుటేజీ ఎంత చోటు తింటుందో చాలామందికి మొదట్లో అంచనా ఉండదు. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున అల్ట్రా హెచ్‌డీలో, ప్రోరెస్ 422 హెచ్‌క్యూ అనే అధిక నాణ్యత వీడియో ఫార్మాట్‌లో తీస్తే గంట ఫుటేజీకి 318 జీబీ దాకా అవుతుంది. అదే ఫుల్ హెచ్‌డీ (1080)లో అయితే 79 జీబీ. పది నిమిషాల సినిమాకి గంటల కొద్దీ ఫుటేజీ వస్తుంది. దాన్ని హాస్టల్ వైఫై మీద ఎక్కించాలంటే తెల్లారిపోతుంది. గదిలో వైర్ కనెక్షన్ పోర్టు ఉందా, అప్‌లోడ్ మీద పరిమితి ఉందా అని అడగాలి. ఎడిటింగ్‌కి అసలు ఫుటేజీకి బదులు చిన్న సైజు నకళ్లు (ప్రాక్సీ ఫైళ్లు) చేసుకుంటే మామూలు ల్యాప్‌టాప్ కూడా సరిపోతుంది.

ప్రతి ఫైలుకూ మూడు కాపీలు ఉండాలి. రెండు రకాల స్టోరేజీలో, కనీసం ఒకటి వేరే చోట. రెండు డ్రైవులూ ఒకే బల్ల సొరుగులో ఉంటే అది బ్యాకప్ కాదు. దొంగ వచ్చినా, నీళ్లు కారినా రెండూ కలిసే పోతాయి. ఒక డ్రైవు డిపార్ట్‌మెంట్ లాకర్‌లో పెట్టు.

కలర్ కరెక్షన్, అంటే వీడియోలో రంగులు సరిచేయడం మాత్రం హాస్టల్లో చేయకు. మామూలు వీడియోకి వాడే రెక్ 709 ప్రమాణంలో తెలుపు అంటే దాదాపు 6500 కెల్విన్ (కాంతి రంగును కొలిచే ప్రమాణం), పగటి వెలుతురులాంటిది. పసుపు బల్బు కింద, రంగు గోడ ముందు కూర్చుంటే కన్ను ఆ రంగుకి అలవాటు పడిపోయి, స్క్రీన్ మీద తప్పుని తప్పుగా చూడదు. ఆ పని ల్యాబ్‌లోనే. కాబట్టి ల్యాబ్ రాత్రి ఎన్నింటిదాకా తెరిచి ఉంటుందన్నది హాస్టల్ ప్రశ్నే అనుకో.

కొత్తవేషం

చాలా థ్యాంక్స్ అండీ. ల్యాబ్ వేళలు అడగాలని నాకు తోచనే లేదు. కళల బ్లాక్ గురించి ఎవరూ చెప్పలేదు. అందరూ మనలాంటివాళ్లే ఉంటే బాగుంటుంది కదా?

వేదిక

నేను అలాంటి బ్లాక్‌లోనే ఉంటున్నాను, చాలా బాగుంటుంది. రాత్రి ఆలస్యంగా వస్తే ఎందుకని ఎవరూ అడగరు. షార్ట్ ఫిల్మ్‌కి సంగీతం కావాలంటే రెండు తలుపుల అవతల వయొలిన్ వాయించే అమ్మాయి ఉంటుంది, పోస్టర్ కావాలంటే పై అంతస్తులో బొమ్మలు వేసే అబ్బాయి ఉంటాడు. మా బ్లాక్ కింద అంతస్తులో రెండు ప్రాక్టీస్ గదులున్నాయి, అద్దం కూడా ఉంది. రిహార్సల్‌కి హాలు దొరకని రోజు నేల మీద టేపు అంటించి, సెట్ కొలతలు గీసుకుని అక్కడే చేస్తాం. మొదటి ఏడాది ఒంటరిగా అనిపించకుండా ఉండటానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

నాలుగోగోడ

వేదిక చెప్పినవన్నీ నిజమే, నేనూ అలాంటి చోట ఉన్నాను. అయినా మొదటి ఏడాది వద్దంటాను.

నటుల ఎంపిక జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజును ఊహించుకో. నువ్వు ఆడిషన్ ఇచ్చిన పాత్ర నీ రూమ్మేట్‌కి వచ్చింది. తనకు సంతోషంగా ఉంది, ఉండాలి కూడా. నీకు ఏడవాలనుంది. ఇద్దరికీ ఉన్నది ఒకే గది. ఇలాంటిది ఏడాదిలో మళ్లీ మళ్లీ వస్తుంది. పగలు క్లాసులో, సాయంత్రం రిహార్సల్‌లో, రాత్రి గదిలో అవే ముఖాలు, అవే మాటలు. డైరెక్టర్ ఏమన్నాడు, ఎవరి నటన ఎలా ఉంది, తర్వాతి నాటకం ఏమిటి. మనసుకి విరామం ఉండదు.

ఇంకోటి నాకు మరీ ముఖ్యం. నటించేవాళ్లకీ, రాసేవాళ్లకీ మనుషులు కావాలి. నర్సింగ్ చదివే అమ్మాయి రాత్రి డ్యూటీ నుంచి వచ్చి బూట్లు ఎలా విప్పుతుందో, లెక్కల విద్యార్థి లెక్క తేలనప్పుడు గదిలో ఎలా తిరుగుతాడో చూడాలి. నటులు నటుల్నే చూస్తూ ఉంటే ఒకరి అలవాట్లు ఒకరికి అంటుకుంటాయి.

వేదిక

అది మనిషిని బట్టి ఉంటుంది అన్నా. నాకు పాత్ర రాని రోజు ఓదార్చింది ఆ పాత్ర వచ్చిన అమ్మాయే. కష్టం ఏమిటో తనకు తెలుసు కాబట్టే ఓదార్చగలిగింది. నర్సింగ్ అమ్మాయి జాలి పడేది, అంతే.

నాలుగోగోడ

అలాంటి స్నేహం దొరికితే అదృష్టమే, కాదనను. కానీ ఫారం నింపే రోజు రూమ్మేట్ ఎవరో తెలియదు కదా. స్నేహితురాలిని ఎంచుకున్నాక రెండో ఏడాది కలిసి ఉండటం వేరు.

తెరవెనుక

మీ ఇద్దరి మధ్యలోకి వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. సంగీతం వాళ్లు ఉన్న బ్లాక్‌లో సాధన ఎన్నింటిదాకా అన్నది తప్పకుండా అడగాలి. టెక్ వారంలో దొరికే నిద్రే తక్కువ. అందులో గోడ అవతల ట్రంపెట్ ఉంటే మర్నాడు స్టేజి మీద ప్రమాదం. నిద్ర చాలని మనిషిని నిచ్చెన ఎక్కించి లైట్లు సరిచేయించడం నేను ఒప్పుకోను, నా సిబ్బందిలో ఎవరినీ ఎక్కనివ్వను.

కొత్తవేషం

గొంతు సాధన సంగతి అడుగుదామనుకుంటున్నా. నటన క్లాసువాళ్లు రోజూ వామప్ చేయాలంటారు. ఇద్దరి గదిలో అదెలా కుదురుతుంది? సీన్లు ప్రాక్టీస్ చేయాలన్నా అంతే కదా. ఇందుకోసమైనా ఒక్కరి గది తీసుకోవాలేమో అనిపిస్తోంది.

గాత్రం

ఒక్కరి గది అయినా గోడలు పలచగా ఉంటాయమ్మా, పక్కగదికి అన్నీ వినిపిస్తాయి. కాబట్టి దానికోసం దూరం వెళ్లక్కర్లేదు.

చప్పుడు లేకుండా గొంతు సిద్ధం చేసుకునే పద్ధతులు చాలా ఉన్నాయి. నేను ముందుగా చెప్పేది స్ట్రా సాధన. సన్నటి స్ట్రాని పెదాల మధ్య బిగించి, ఆ గొట్టంలోంచి హమ్మింగ్ చేయాలి. కింది స్థాయి నుంచి పైకి, మళ్లీ కిందికి జారుతూ. గాలి బయటకు వెళ్లే దారి ఇరుకు కావడంతో వెనక్కి కొంత ఒత్తిడి వస్తుంది. దానివల్ల స్వరతంత్రులు గట్టిగా రాసుకోకుండా తక్కువ శ్రమతో కంపిస్తాయి. స్వరశాస్త్రవేత్త ఇంగో టిట్సె దీని మీద చాలా పని చేసి ప్రచారంలోకి తెచ్చారు. గ్లాసు నీళ్లలో స్ట్రా ముంచి కూడా చేయవచ్చు. పక్క మంచం మీద నిద్రపోయేవాళ్లకు ఫ్యాన్ చప్పుడు కంటే ఎక్కువ వినపడదు. పెదాలు అదురుతూ ఉండే లిప్ ట్రిల్ కూడా ఇదే కోవలోది. రూమ్మేట్ లేవకూడదని డైలాగులు గుసగుసగా మాత్రం చెప్పొద్దు. దానికి గొంతు బిగుసుకుంటుంది. మామూలు మెత్తటి గొంతుతో చెప్పుకోవడం మేలు.

పూర్తి గొంతుతో చేసే సాధనకు నాటకశాలలో ఖాళీ గది అడగండి. పొద్దున పూట సాధారణంగా దొరుకుతుంది. ఎదురుగానే హాస్టల్ ఉంటే లేచి ఐదు నిమిషాల్లో అక్కడ ఉంటారు. నా ఓటు అందుకే మొదటిదానికి.

సీన్ల గురించి ఒక జాగ్రత్త. అమెరికా నటన గురువు శాన్‌ఫర్డ్ మైస్నర్ పద్ధతిలో ఒక అభ్యాసం ఉంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకే వాక్యాన్ని అటూ ఇటూ మళ్లీ మళ్లీ చెప్పుకుంటారు. అవతలివాళ్లను నిజంగా గమనించి, వాళ్ల స్వరానికి స్పందించడం అలవాటు చేయడానికి. గోడ అవతల వినేవాళ్లకు అది అచ్చం గొడవలాగే ఉంటుంది. గొంతులు పెరుగుతాయి, ఒక్కోసారి ఏడుపు కూడా వస్తుంది. హాస్టల్లో చేస్తే అంతస్తులో అందరికీ, వార్డెన్‌కీ ముందే చెప్పి చేయండి. మరొక కారణం కూడా ఉంది. అరుపులు వినపడితే 'వీళ్లు నాటకంవాళ్లులే' అని ఎవరూ పట్టించుకోని పరిస్థితి రాకూడదు. నిజంగా సాయం కావాల్సిన రోజు ఎవరికైనా రావచ్చు.

క్లాప్

గాత్రం గారు చివర రాసింది ప్రతి హాస్టల్లో చదివి వినిపించాలి.

దానికి దగ్గరగా ఉన్న విషయం ఇంకొకటి, గదిలో షూటింగ్. మొదటి ఏడాది షార్ట్ ఫిల్ముల్లో సగం హాస్టల్ గదుల్లోనే జరుగుతాయి, ఎందుకంటే లొకేషన్ ఉచితం. అనుమతి లేకుండా మొదలుపెట్టకు. హాస్టల్ ఆఫీసుకు ఏ రోజు, ఏ వేళ, ఎంతమంది అని కాగితం మీద ఇచ్చి తీసుకో. వరండాలో నడిచేవాళ్లు ఫ్రేములో పడితే వాళ్లనూ అడగాలి.

బొమ్మ తుపాకులు, కత్తులు హాస్టల్లోకి తేవద్దు. షూటింగ్ కోసమైనా సరే, ప్లాస్టిక్‌దైనా సరే. కిటికీలోంచి చూసేవాళ్లకు అది బొమ్మని తెలియదు, పిలిస్తే వచ్చే పోలీసుకీ తెలియదు. అలాంటి సీను ఉంటే డిపార్ట్‌మెంట్ ద్వారా సెక్యూరిటీకి రాతపూర్వకంగా తెలిపి, వాళ్లు చూపించిన చోట చేయాలి. వాడనప్పుడు ఆ వస్తువు నాటక సామాను పెట్టే ప్రాపర్టీ గదిలో తాళంలో ఉండాలి.

పొగ మెషిన్ కూడా అంతే. ఆ ఆవిరికి స్మోక్ డిటెక్టర్లు మోగుతాయి, భవనం మొత్తం ఖాళీ చేయాల్సి వస్తుంది. డిటెక్టర్‌కి కవరు తొడగడం ఇంకా పెద్ద నేరం, మనుషుల ప్రాణాలతో పని. లైట్ల విషయానికొస్తే, పాత రకం వెయ్యి వాట్ల టంగ్‌స్టన్ లైటు హాస్టల్ ప్లగ్గులో పెట్టొద్దు. రెండు మూడు గదులకు కలిపి ఒకే సర్క్యూట్ ఉండొచ్చు. చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్ చాలు.

ఆడిషన్ వీడియో గదిలోనే తీసుకోవచ్చు, అనుమతి గొడవ ఉండదు. ట్యూబ్‌లైటు కింద తీస్తే పట్టీలు పట్టీలుగా మినుకుతుంది. కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట కెమెరా షటర్ వేగం సెకనులో 1/50 వంతు, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 పెడితే తగ్గుతుంది. పరుపులు, బట్టలు ఉన్న గది ప్రతిధ్వనిని పీల్చేస్తుంది కాబట్టి సౌండు బాత్రూమ్ కంటే, ఖాళీ హాలు కంటే బాగా వస్తుంది. సామాను తక్కువున్న కొత్త గదుల్లో గొంతు డొల్లగా వినపడుతుంది.

పాతరీలు

అమ్మా, నాటకమా సినిమానా అన్నది కూడా రాశారు కాబట్టి నాలుగు మాటలు. మొదటి ఏడాది రెండూ కలిపి చెప్పడం మీకు దొరికిన పెద్ద మేలు. మాస్కోలో 1919లో మొదలైన ప్రభుత్వ సినిమా పాఠశాల ప్రపంచంలోనే అన్నిటికంటే పాతది. అప్పుడు అక్కడ ఫిల్ము కొరత తీవ్రంగా ఉండేది. అక్కడ పాఠాలు చెప్పిన దర్శకుడు లెవ్ కులెషోవ్ తన విద్యార్థులతో ఫిల్ము లేకుండానే సినిమాలు చేయించాడు. కథను షాట్లుగా విడగొట్టి, ఒక్కో షాటునూ స్టేజి మీద నటింపజేసేవాడు. ఆ వర్క్‌షాపు నుంచి నటులూ వచ్చారు, పుదోవ్‌కిన్ లాంటి దర్శకులూ వచ్చారు. నటుడి దేహం, షాటు నిడివి రెండూ ఒకే పాఠంగా నేర్చుకున్నారు వాళ్లు.

అందుకని మీ హాస్టల్ రెండు విభాగాలకూ దగ్గరగా ఉందేమో చూడండి. నాటకశాల ఒకచోట, సినిమా ల్యాబ్ మరోచోట ఉంటే, దూరంగా ఉన్నదాన్ని తెలియకుండానే వదిలేస్తాం. ఇష్టం లేక కాదు, రాత్రి పదింటికి అంత దూరం నడవబుద్ధి కాక. ఏ దారిలో వెళ్లాలో మీ అభిరుచి చెప్పాలి గానీ దూరం చెప్పకూడదు.

కొత్తవేషం

అందరికీ నమస్కారాలు. ఆఫీసుకు ఫోన్ చేశాను. ఆదివారం షటిల్ సాయంత్రంతోనే ఆగిపోతుందట, రిహార్సల్ ఉన్నా లేకపోయినా అంతే. సినిమా ల్యాబ్ నాటకశాల వెనక భవనమే, అర్ధరాత్రి దాకా తెరిచి ఉంటుంది. అమ్మతో పిల్లలతల్లి గారు రాసింది చదివించాను. శనివారం ఇద్దరం వెళ్లి చీకటి పడ్డాక నడిచి చూస్తాం. దారి బాగుంటే పాత హాస్టల్‌కే రాసేస్తాను.

ఇంకో రెండు సందేహాలు. ఫారంలో 'నిద్రవేళ' అని ఒక గడి ఉంది, రూమ్మేట్‌ని దాన్ని బట్టే కలుపుతారట. ఇప్పుడైతే పదిన్నరకే పడుకుంటాను, అదే రాయాలా? సెలవుల్లో హాస్టల్ మూసేస్తారని కూడా అన్నారు. సామాను ఏం చేస్తారు?

ఎడిట్‌టేబుల్

సెలవుల సంగతి చెప్తాను. మూసే తేదీకీ నీ చివరి జ్యూరీకీ (అధ్యాపకులు నీ పని చూసి అంచనా వేసే రోజు) లేదా సినిమా ప్రదర్శనకీ మధ్య ఎన్ని రోజులున్నాయో చూసుకో. మన విభాగాల్లో చివరి ప్రదర్శనలు రాత పరీక్షల తర్వాత కూడా ఉంటాయి. ఆ కొద్ది రోజులు ఉండటానికి డిపార్ట్‌మెంట్ ఉత్తరం ఉంటే హాస్టల్‌వాళ్లు సాధారణంగా ఒప్పుకుంటారు, ముందుగా అడగాలి అంతే. కెమెరా, డ్రైవులు ఖాళీ గదిలో వదలకు. సీరియల్ నంబర్లు రాసుకుని ఫొటో తీసి పెట్టుకో, ఇన్సూరెన్స్‌కైనా పోలీసు ఫిర్యాదుకైనా మొదట అడిగేది అదే. విడి లిథియం బ్యాటరీలు విమానంలో చెక్ ఇన్ సామానులో పెట్టకూడదు, చేతిసంచిలోనే. వంద నుంచి 160 వాట్ అవర్ మధ్యవైతే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి.

తెరవెనుక

నిద్రవేళ గడిలో ఇప్పటి అలవాటు రాయకు చెల్లీ, రాబోయే ఏడాదిది రాయి. పదిన్నర అని రాస్తే పదిన్నరకు లైటు ఆర్పేసే మనిషిని ఇస్తారు, పాపం తన నిద్రా పాడవుతుంది. గడి చిన్నదైతే కింద ఇలా చేర్చు: 'నాటక విద్యార్థిని. రిహార్సళ్ల రోజుల్లో రాత్రి పదకొండు దాటాక వస్తాను, ప్రదర్శన వారంలో ఇంకా ఆలస్యం. వచ్చాక లైటు వేయను, చప్పుడు చేయను. పొద్దున ఎనిమిది దాకా నిద్ర కావాలి.' పొద్దున సంగతి కూడా తప్పకుండా రాయి. రాత్రి మనం జాగ్రత్తగా ఉంటామని అందరూ రాస్తారు గానీ, ఆరింటికి మోగే అలారం గురించి ఎవరూ మాట్లాడుకోరు. గొడవలు ఎక్కువగా దాని దగ్గరే వస్తాయి.